ఒక ట్యాంకర్ పద్యం: తువాస్ టీక

అవతారిక

సింగపూర్ దీవికి పడమటి కొస తువాస్. అక్కణ్ణుంచి మలేషియాకు 1998లో తెరిచిన రెండో వంతెన. ఇవతల షిప్‌యార్డులు, గోదాములు, ఫ్యాక్టరీలు, 2022లో లాంఛనంగా ప్రారంభమైన కొత్త రేవు. ఆ రేవులో కంటైనర్లు మోసే బళ్ళకు డ్రైవరే ఉండడు. అలాంటి చోట కూర్చుని డ్రైవరు కోసం పద్యం కట్టిన కవి గుండె గట్టిది. కర్త పేరు అడక్కండి. టీకాకారుడి మీదే అనుమానం వస్తే రానివ్వండి.

కాలనిర్ణయం మాత్రం సులువు. అన్ని రంగాల్లోనూ భారతీయులను వర్క్ పర్మిట్ మీద తీసుకోగల ఉద్యోగాల జాబితాలోకి సింగపూర్ ప్రభుత్వం 2025 సెప్టెంబర్ 1 నుంచి హెవీ వెహికల్ డ్రైవర్లను చేర్చింది. అంతకు ముందు వర్క్ పర్మిట్ మీద వెళ్ళిన మనవాళ్ళకు ఎక్కువగా కట్టడాలూ, షిప్‌యార్డులూ, ప్రాసెస్ ప్లాంట్లే దిక్కు. కొత్త డ్రైవరు వస్తున్నాడని తెలిశాకే ఈ పద్యం పుట్టిందని పండితుల ఊహ. పండితులంటే టీ కొట్టు బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు.

శాస్త్రగ్రంథం చదవడానికి అధికారి ఎవరో ముందే చెప్పడం ఆచారం. ఇక్కడ అధికారికి క్లాస్ 4 లైసెన్సూ, సివిల్ డిఫెన్స్ వారి హజ్‌మట్ (ప్రమాదకర సరుకు) డ్రైవర్ పర్మిటూ ఉండాలి. తక్కినవారు పద్యం చదవచ్చు, తాళంచెవి ముట్టుకోరాదు.

పద్యం (ఆటవెలది)

ఎర్తు గట్టి పిదప యింధనమ్ము గొనుము
కొంత చోటు పైన కోరి నిలుపు
మలుపు జూచి ముందె మందగమన మొప్పు
బిలము జొచ్చు బాట విడువు మన్న

ప్రతిపదార్థం

ఎర్తు = ఎర్తింగ్ క్లాంపును; కట్టి = బండి ఇనుముకు పట్టించి; పిదప = ఆ తరువాత మాత్రమే; ఇంధనమ్ము = పెట్రోలునో డీజిలునో; కొనుము = ఎక్కించుకొనుము (డబ్బిచ్చి కొనమని కాదు, డబ్బు ఓనరుది); పైన = చాంబరు మూత కింద; కొంత చోటు = కాస్త ఖాళీని; కోరి = మరిచిపోయి కాదు, కావాలని; నిలుపు = ఉంచుము; మలుపు = వంపును; చూచి = కంటితో కని; ముందె = అందులోకి దిగక మునుపే; మందగమనము = నెమ్మది నడక; ఒప్పు = శోభించును; బిలము = సొరంగమును; చొచ్చు = దూరునట్టి; బాట = దారిని; విడువుము = వదులుము; అన్న = ఓయి అన్నా!

తాత్పర్యం

అన్నా, ఎర్తింగ్ పెట్టాకే లోడు ఎక్కించుకో. పైన ఖాళీ ఉంచు. వంపు రాకముందే నెమ్మదించు. టన్నెల్లోకి పోకు.

తాత్పర్యం ఇంత చిన్నది కాబట్టే విశేషాలు పెద్దవవుతున్నాయి.

విశేషములు

మొదటి పాదం. ‘పిదప’ అన్న మాట మీద పద్యమంతా నిలిచి ఉంది. నూనె పైపులో పారుతూ పారుతూ విద్యుత్తు పోగుచేసుకుంటుంది. బండి కింద ఉన్నవి రబ్బరు టైర్లు, ఆ విద్యుత్తుకు నేలలోకి దారి లేదు. దారి చూపేది క్లాంపు. దాని పళ్ళు రంగునూ మట్టినీ కొరికి అడుగున ఉన్న లోహాన్ని అందుకోవాలి. బండికి దానికోసమే ఒక ఇత్తడి బొడిపె ఉంటుంది, దానికే పట్టించాలి. తళతళలాడే మడ్‌గార్డుకు తగిలించి ‘కట్టాను’ అన్నవాడు కట్టనివాడి కిందే లెక్క. ఎర్తు సరిగా అందితేగాని పచ్చ దీపం వెలగని, దీపం వెలిగితేగాని పంపు కదలని లోడింగ్ గ్యాంట్రీలు ఉన్నాయి. ఆ దీపాన్ని మోసం చేసే ఉపాయం ఏ సీనియరైనా చెప్పబోతే చెవులు మూసుకో. అన్నిటికన్నా ముందు పెట్టేదీ, అన్నిటికన్నా చివర తీసేదీ క్లాంపే.

శంక: నిండు ట్యాంకరుకు భయపడాలి గాని, ఖాళీ చాంబరు ఏం చేస్తుంది?

సమాధానం: అసలు భయం ఖాళీతోనే. ద్రవం కాలదు, ఆవిరి కాలుతుంది. అదీ గాలిలో పెట్రోలు ఆవిరి రమారమి 1.4 శాతానికీ 7.6 శాతానికీ మధ్య ఉన్నప్పుడే. నిండా పెట్రోలున్న చాంబరులో ఆవిరి ఎంత చిక్కగా ఉంటుందంటే, మండడానికి గాలి చాలదు. నిన్న పెట్రోలు మోసిన ఆ చాంబరులోనే ఇవాళ డీజిలు పోశావనుకో. డీజిలు ఆ ఆవిరిని తనలోకి పీల్చుకుంటుంది, చిక్కదనం తగ్గి సరిగ్గా మండే హద్దులోకి దిగుతుంది. అదే సమయంలో పారుతున్న డీజిలు విద్యుత్తును మోసుకొస్తుంది. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా మండే ఆవిరినిస్తుంది, డీజిలుకు 55 డిగ్రీలు దాటాలి. అందుకే డీజిలు సాధువని అందరూ నమ్ముతారు. ఈ సాధువు మాత్రం పాత పెట్రోలు ఇంట్లో అడుగుపెడితే అగ్గి పుట్టించగలడు. కాబట్టి కిందటి లోడు ఏమిటో గ్యాంట్రీలో దాచకుండా చెప్పు. పైపు మూతి ద్రవంలో మునిగేదాకా వేగం సెకనుకు ఒక మీటరు దాటనివ్వకు. నైలాన్ చొక్కా ఇంట్లోనే విడిచి రా. సెల్‌ఫోను సంగతి చెప్పడం ఈ టీకాకారుడికి నామోషీ.

రెండో పాదం. పూర్వపక్షి లేచి, ‘నిండు కుండ తొణకదు కదా, అంచుదాకా నింపితే బండి కుదురుగా ఉంటుంది’ అంటాడు. కుండకు మూత లేదు, ట్యాంకరుకు ఉంది. పెట్రోలు ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు వెయ్యింట ఒక వంతు పెరుగుతుంది. పదివేల లీటర్లు 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు వంద లీటర్లు అదనం. ఆ వంద లీటర్లకు తలదాచుకునే చోటు కావాలి. కవి ‘కోరి’ అన్నది అందుకే.

తువాస్‌లో ఈ పాదం రాయడం సాహసమే. సరిహద్దు దాటి మలేషియా వెళ్ళే సింగపూర్ కారు ట్యాంకు ముప్పాతిక నిండి ఉండాలని 1991 నుంచి నియమం. అంతకు రెండేళ్ళ ముందు సగం చాలనేవారు. అక్కడ చవకగా దొరికే పెట్రోలు పోయించుకొస్తారని బెంగ. ఖాళీ అంటే రాజ్యానికే గిట్టని ఊళ్ళో కవి ఖాళీని పొగిడాడు.

మూడో పాదం. మందగమనం ప్రబంధాల్లో నాయికల సొత్తు. ఇక్కడ అది ఇనుప బండికి దక్కింది, చట్టం సాక్షిగా. లోడుతో 12 టన్నులు మించే లారీకి సింగపూర్‌లో గంటకు 60 కిలోమీటర్లు దాటనివ్వని స్పీడ్ లిమిటర్ తప్పనిసరి. లిమిటర్ వేగాన్ని ఆపుతుంది, వంపును చూడలేదు. సగం నిండిన చాంబరులో డీజిలుకు సొంత బుద్ధి ఉంటుంది. నువ్వు బ్రేకు వేశాక బండి ఆగుతుంది, అది ఆగదు. ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చి ముందుకు తోస్తుంది. వంపులో పక్కకు ఒరుగుతుంది. బరువు ఎత్తున ఉన్న బండికి ఆ ఒరుగు చాలు. ‘ముందె’ అన్నది ఇందుకే: బ్రేకు వంపులో కాదు, వంపుకు ముందు. రెండు చోట్ల ఇవ్వాల్సి ఉంటే రెండు చాంబర్లను సగం సగం చేయకు, ఒకదాన్ని పూర్తిగా దించు.

బండి పడిపోతే డ్రైవరు పని మనుషుల్ని దూరం తరమడం. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లో అహ్మద్‌పూర్ వద్ద పెట్రోలు ట్యాంకరు బోల్తాపడితే, కారుతున్న పెట్రోలు పట్టుకుందామని చుట్టుపక్కల జనం గిన్నెలతో పరుగెత్తారు. మంటల్లో రెండు వందల మందికి పైగా పోయారు. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. నేలబారున, కాలువల వెంట పాకుతుంది. అది వచ్చి కాళ్ళను చుట్టుకున్నా కంటికి కనబడదు.

నాలుగో పాదం. తువాస్ నుంచి ఊళ్ళోకి పోయే ఏవైఈ రోడ్డు మంచిదే, కాని పరధ్యానంగా నేరుగా పోతే 2013లో తెరిచిన ఎంసీఈలోకి దింపుతుంది. అది సముద్రం అడుగున కూడా సాగే సొరంగ మార్గం. దాని వెనకే కేపీఈ టన్నెల్. ప్రమాదకర సరుకు మోసే బళ్ళకు రెండూ నిషిద్ధం. కారణం కావాలంటే అమెరికాలో ఓక్లాండ్ వద్ద కాల్డెకాట్ సొరంగం: 1982 ఏప్రిల్ 7న అర్ధరాత్రి దాటాక లోపల పెట్రోలు ట్యాంకరు అంటుకుని ఏడుగురు చనిపోయారు. ఆరుబయట మంట పైకి పోతుంది. సొరంగంలో మంటకు పైన దారి లేదు, పొగ మనుషులున్న వైపే పరుగెత్తుతుంది. ఏ ఎగ్జిట్ దగ్గర దిగాలో తువాస్‌లో బయలుదేరే ముందే చూసుకో. ఫోనులోని మ్యాపుకు నీ వెనక ఏముందో తెలియదు.

కవి దోషం. నాలుగు పాదాల్లో లోడు ఎక్కించాడు, నడిపించాడు, దించడం మరిచాడు. ఆటవెలదికి ఐదో పాదం లేదు గనుక వచనంలో పూరిస్తున్నాం. బంకులో హోస్ పైపు తగిలించే ముందు రెండు చూడు. మూత మీద రాసింది పెట్రోలా డీజిలా? భూమిలో ఉన్న ట్యాంకులో నీ లోడుకు చోటుందా? రెండో ప్రశ్నకు మూడు ప్రమాణాలు. డిప్ రాడ్ మీద తడి ఎక్కడిదాకా ఉందో అది ప్రత్యక్షం. గోడమీది గేజు చూపే అంకె అనుమానం. బంకు కుర్రాడు ‘పడుతుందిలే అన్నా’ అనడం శబ్దం. ఈ శాస్త్రంలో శబ్దం ప్రమాణం కాదు. తక్కిన రెండూ కలవకపోతే వాల్వు తిప్పకు, మేనేజరును పిలిపించి మళ్ళీ డిప్ చేయించు.