పట్టువిడుపులు

నా పేరు ఈ-క్యాడ్‌హెరిన్, నేనొక ప్రొటీన్‌ని. చర్మం, కడుపు, పేగులు, పాలగ్రంథులు... మీ ఒంట్లో కణాలు పొరగా సర్దుకున్న చోటల్లా నేనుంటాను, కొంత కణం బయటికి, కొంత లోపలికి. బయటి భాగానికి చెరుకుగడలా ఐదు కణుపులు. వాటి మధ్య కాల్షియం చేరితేనే బిగిసి నిలబడి, పక్క కణం మీదున్న నా జాతిదాన్ని అందుకోగలను. లోపలున్న తోకను క్యాటెనిన్లు ఆక్టిన్ పోగులకు కట్టేస్తాయి.

ఈ కాల్షియం పిచ్చే నన్ను పట్టించింది. 1970లలో మసాతోషి తకెయిచి క్యోటో నుంచి బాల్టిమోర్‌లోని కార్నెగీ సంస్థకు వెళ్లారు. ట్రిప్సిన్ వేసి విడదీసిన కణాలు క్యోటోలో మళ్లీ గుంపు కట్టేవి. బాల్టిమోర్‌లో ససేమిరా అన్నాయి. ఆరా తీస్తే అక్కడివాళ్లు ట్రిప్సిన్‌లో ఈడీటీఏ కలుపుతున్నారు. అది కాల్షియాన్ని ఊడ్చేస్తుంది. కాల్షియం లేని నన్ను ట్రిప్సిన్ ముక్కలు చేసేస్తుంది. ఇంకొకరైతే ద్రావణం మార్చుకుని ఊరుకునేవారే. ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

ఎలుక పిండంలో ఎనిమిది కణాలున్నప్పుడు, విడివిడిగా గుండ్రంగా ఉన్నవాటిని దగ్గరికి లాగి, మధ్య గీత కనబడనంతగా కలిపేది నేనే. అలాగని పట్టుకు వేళ్లాడను. తర్వాత పిండంలో పొరలు ఏర్పడేటప్పుడు కొన్ని కణాలు కదిలిపోవాలి. స్నెయిల్ అనే ప్రొటీన్ నా జన్యువు నోరు నొక్కేస్తుంది, నేను తప్పుకుంటాను. వేళకు జరిగితే దానికి నాకు అభ్యంతరం లేదు.

వేళ కాని వేళ జరిగితేనే గొడవ. రొమ్ములో వచ్చే లోబ్యులర్ క్యాన్సర్‌లో కణాలు చాలామటుకు నన్ను పోగొట్టుకుని, ఒకదాని వెనక ఒకటి బారుగా సాగిపోతాయి. మామోగ్రామ్‌కి ఓ పట్టాన చిక్కవు. పెథాలజిస్టు స్లైడు మీద నా కోసం రంగు వేస్తే, మంచి కణాల అంచున గోధుమరంగు గీతగా కనిపిస్తాను. ఆ బారులో కనిపించను.

న్యూజిలాండ్‌లో ఒక మావోరీ కుటుంబంలో తరతరాలుగా కడుపు క్యాన్సర్‌తో చిన్నవయసులోనే పోయేవారు. 16వ క్రోమోజోమ్ మీదున్న నా జన్యువులో లోపమే కారణమని 1998లో తేలింది. అమ్మో నాన్నో ఇచ్చిన ప్రతి పాడైనా, రెండోది ఉన్నంతకాలం నెట్టుకొస్తాను. అదీ పోయిన కణం లోపలి పొర కింద చడీచప్పుడు లేకుండా పాకుతుంది. మొదట్లో పైకి పుండూ ఉండదు, గడ్డా ఉండదు. ఎండోస్కోపీ కన్ను కూడా కప్పేస్తుంది. అందుకే ఆ లోపమున్నవాళ్లలో కొందరు జబ్బు రాకముందే కడుపు మొత్తం తీయించుకుంటారు. అన్నవాహికను తిన్నగా చిన్నపేగుకి కుడతారు. ఇక అప్పట్నుంచి కొంచెం కొంచెంగా ఎన్నోసార్లు తినడం, బీ12 ఇంజెక్షన్లు. నా మీద నమ్మకం లేకనే కదా అని నొచ్చుకోను. ఆ ఇళ్లలో నా చరిత్ర అలాంటిది.