స్థానచలనం

ఇల్లు మారేటప్పుడు పాత చీపురు పట్టుకెళ్ళకూడదంటారు మన పెద్దలు. రూపర్ట్ మర్డాక్ గారికి ఈ శాస్త్రం ఎవరు చెప్పారో గానీ, 1986 జనవరిలో లండన్‌లోని తన పత్రికలను ఫ్లీట్ స్ట్రీట్ ప్రాంతం నుంచి వాపింగ్‌కు మార్చినప్పుడు నిష్ఠగా పాటించారు. యంత్రాలు కొత్తవి, గోడలు కొత్తవి. చీపురు లెక్కన వదిలేసింది సుమారు 5,500 మంది మనుషుల్ని. దూరమా, మూడు నాలుగు కిలోమీటర్లు. నడుచుకుంటూ కూడా పోవచ్చు, రానిస్తే.

దీనికి యాజమాన్యాలు ఇప్పటికీ వల్లించే భాష్యం ఒకటుంది. మేం చోటు మార్చామంతే, రానిది వాళ్ళే, పైగా సమ్మె కట్టి ఉద్యోగాలు వాళ్ళే పోగొట్టుకున్నారు, అని. ఆహా! వాళ్ళంతట వాళ్ళు పోవడానికి ఎంత ఏర్పాటు జరిగిందో చూడండి.

వాపింగ్‌లో సిద్ధమవుతున్న ప్రెస్ ‘లండన్ పోస్ట్’ అనే కొత్త సాయంకాల పత్రిక కోసమన్నారు. ఆ పత్రిక ఒక్క సంచిక కూడా వెలువడలేదు. ఈలోగా కంప్యూటర్లు దిగాయి. అచ్చు కార్మికులకు చెప్పకుండా, విద్యుత్ కార్మికుల సంఘం సాయంతో వేరే మనుషుల్ని చేర్చుకుని బస్సుల్లో తెచ్చి పని నేర్పారు. ప్రహరీ చుట్టూ ముళ్ళతీగ బిగించారు. పాలు పొంగించే ముందు ముళ్ళకంచె వేసిన గృహప్రవేశం ఇంకెక్కడా విని ఉండరు.

అన్నిటికన్నా ముచ్చటైనది యాజమాన్యానికి వాళ్ళ వకీలు రాసిన ఉత్తరం. 1985 డిసెంబరు నాటిది, తర్వాత బయటపడింది. సారాంశం ఇంతే: జనాన్ని వదిలించుకోవడానికి అతి చవకైన దారి, వాళ్ళు సమ్మెలో ఉండగా తీసేయడం. ‘మీకు పని లేదు’ అని పంపిస్తే పరిహారం చెల్లించాలి. సమ్మెలో ఉన్నవాళ్ళందర్నీ కలిపి తీసేస్తే, అప్పటి బ్రిటన్ చట్టం ప్రకారం అన్యాయంగా తొలగించారని దావా వేసే దారి కూడా ఉండదు. పొమ్మనలేక పొగబెట్టడం మనకు తెలిసిన విద్యే. పొగకు ఎంతవుతుందో, దానివల్ల ఎంత మిగులుతుందో లాయరు చేత లెక్క కట్టించడమే అందులో కొత్త.

ఇక వాపింగ్‌లో పనికి పెట్టిన షరతులు. సమ్మె మాట ఎత్తకూడదు, నిర్వహణలో సంఘం తలదూర్చకూడదు. సంఘాలు ఉద్యోగాలకు హామీ అడిగాయి, దొరకలేదు. ఓటు పెట్టి జనవరి 24న సమ్మెకు దిగాయి. తొలగింపు నోటీసులు తయారుగా ఉన్నట్టే వచ్చిపడ్డాయి.

ఆ సంఘాలేమీ మడికట్టుకు కూర్చున్నవి కావు. మిక్కీ మౌస్ పేరున సంతకం పెట్టి కూలి ఎత్తుకెళ్ళిన కథలు ఫ్లీట్ స్ట్రీట్‌వే. కంప్యూటరు కంపోజింగును ఏళ్ళతరబడి అడ్డుకున్నదీ నిజమే. సరే, అచ్చుకు సీసపు అక్షరాలు పోసే లైనోటైపు యంత్రం పాతబడింది. మరి నేల తుడిచే ఆమె పని ఏ కంప్యూటరు వచ్చి పాతబడింది? లైబ్రరీలో పత్రికల కత్తిరింపులు దాచే గుమాస్తా చేసిన నేరమేమిటి? వాళ్ళ పేర్లూ ఆ జాబితాలోనే ఉన్నాయి. విలేఖరులకు మాత్రం ఏడాదికి 2,000 పౌండ్ల పెంపు, ప్రైవేటు వైద్య బీమా చూపించారు. చాలామంది వెళ్ళారు. వెళ్ళనని భీష్మించిన కొద్దిమందీ ఉన్నారు, వాళ్ళకో దండం.

ఏడాదికి పైగా వాపింగ్ గేట్ల దగ్గర, ముఖ్యంగా శనివారం రాత్రుళ్ళు, ఆదివారం పత్రికల లారీలను ఆపడానికి వేలమంది చేరేవారు. గుర్రాల మీద పోలీసులు వచ్చేవారు. వెయ్యిమందికి పైగా అరెస్టయ్యారు. కోర్టు ప్రధాన అచ్చు కార్మిక సంఘమైన సోగాట్ ఆస్తుల్ని స్వాధీనం చేసుకుంది. మధ్యలో యాజమాన్యం 5 కోట్ల పౌండ్లు ఇస్తామంది. అంతకుముందు గ్రేస్ ఇన్ రోడ్‌లోని తమ పాత ప్రెస్సు ఇస్తాం, మీ పత్రిక మీరే పెట్టుకోండి అని కూడా అంది. అడిగింది ఉద్యోగం గనక కార్మికులు రెండూ వద్దన్నారు. ఒక్క సందేహం: తమంతట తామే పోయినవాళ్ళకు 5 కోట్లు ఎందుకిస్తారండీ ఎవరైనా?

1987 ఫిబ్రవరిలో పోరాటం ఓడిపోయింది. అంత కంచె కట్టి కాపాడుకున్న వాపింగ్ స్థలాన్ని 2012లో 15 కోట్ల పౌండ్లకు ఇళ్ళు కట్టే కంపెనీకి అమ్మేశారు. పత్రికల ఆఫీసు లండన్ బ్రిడ్జి దగ్గరకు మారింది.

మీ ఆఫీసులోనూ రేపు ‘చోటు మాత్రమే మారుతున్నాం’ అని సర్క్యులర్ రావచ్చు. స్వీట్లు పంచినా తినండి, తప్పులేదు. పాత జీతం, పాత సర్వీసు అలాగే కొనసాగుతాయని కాగితం మీద రాసివ్వందే సంతకం మాత్రం పెట్టకండి.