ఈడిపస్ చదవకుండా ట్రాజెడీ నేర్చుకోవడం ఎలా?

ఎం.ఏ. ఇంగ్లీషు సిలబస్‌లో సోఫోక్లిస్ 'ఈడిపస్' ఉందని తెలియగానే కొందరు అమాయకులు నాటకం తెరుస్తారు. మీరు ఆ పని చేయకండి. గైడు కొని, వెనక నుంచి తెరవండి. పారిభాషిక పదాల పట్టిక అక్కడే ఉంటుంది.

పొద్దున హమార్షియా, మధ్యాహ్నం పెరిపెటియా, రాత్రి పడుకోబోయే ముందు అనగ్నోరిసిస్. అర్థం కోసం ఆగొద్దు, స్పెల్లింగ్ చూసుకోండి. మార్కులు అక్కడే పోతాయి.

అన్నిటిలోకీ నమ్మదగింది హమార్షియా. ఏ ట్రాజెడీలో ఎవరు చచ్చినా అంటించవచ్చు. మాక్‌బెత్‌కి దురాశ, ఒథెల్లోకి అనుమానం, హామ్లెట్‌కి తాత్సారం, ఈడిపస్‌కి అహంకారం. ఆసుపత్రి మంచానికి వేలాడే కేసు షీటులా మనిషికో లోపం. ఈడిపస్ దగ్గరే కాస్త ఇబ్బంది. తండ్రిని చంపుతావు, తల్లిని పెళ్లాడతావు అన్న జోస్యం విని, ఆ పాపం జరగకూడదనే కొరింత్ వదిలి పారిపోయినవాడు. థీబ్స్‌లో జనం తెగులుతో చస్తుంటే, పాత రాజును చంపిందెవరో తేలుస్తానని మాటిచ్చి చివరిదాకా నిలబడ్డవాడు. ఇందులో లోపమెక్కడని వెతకబోతే నాటకం చదవాల్సొస్తుంది. అందుకే 'హ్యూబ్రిస్' అని రాసేసి ముందుకెళ్లండి. అరిస్టాటిల్ 'పొయెటిక్స్'లో హమార్షియా గురించి చెప్పినచోట హ్యూబ్రిస్ ఊసే లేదు కదా అని ఎవరైనా అంటే, అలాంటివాళ్ల పక్కన కూచుని చదువుకోకండి.

అసలు ఈ సిద్ధాంతంతో సోఫోక్లిస్‌కి పనే పడలేదు. ఆయన పోయింది క్రీ.పూ. 406 ప్రాంతంలో. అరిస్టాటిల్ పుట్టిందే క్రీ.పూ. 384లో. జవాబులో ఇది రాయకండి, దీనికి మార్కులుండవు.

కథార్సిస్ వస్తే 'కరుణరసానికి దగ్గర' అని ఒక వాక్యం, భరతుడి పేరు ఒకసారి. పేపరు దిద్దేవారు మెత్తబడతారు. ట్రాజెడీ నిర్వచనంలో ఆ మాట వాడి, అదేమిటో విప్పి చెప్పకుండా అరిస్టాటిల్ దాటిపోయాడు గనక, మీరేం రాసినా చెల్లుతుంది.

కోరస్: ఊరి పెద్దలు. అంతే.

పెరిపెటియాకి ఉదాహరణ కొరింత్ నుంచి వచ్చిన దూత. అరిస్టాటిల్ ఇచ్చిందే. శుభవార్త అనుకుని అతను తెచ్చిన మాటతోనే ఈడిపస్ కొంప మునుగుతుంది. గైడులో రెండు లైన్లు. ఆ రెండు లైన్లలో పట్టనిది, పక్కనే నిలబడ్డ ఈడిపస్ భార్య జొకాస్టా. దూత చెబుతుండగానే ఆమెకి అంతా తెలిసిపోయింది, ఈడిపస్‌కి ఇంకా తెలియలేదు. ఇక అడగొద్దని బతిమాలుతుంది. తను తక్కువ పుట్టుక పుట్టానని తేలితే రాణిగారికి నామోషీ కాబోలు అనుకుంటాడతను. ఆమె లోపలికి వెళ్లిపోతుంది. సరిగ్గా ఇక్కడే మార్జిన్‌లో 'అనగ్నోరిసిస్' అని రాసుకుని పేజీ తిప్పేస్తాం మనమంతా. ఎందుకలా అంటే పరీక్షలని చెబుతాం. నిజానికి, ఆ మాట రాసుకున్నాక ఆమె మొహం చూడక్కర్లేదు.

ఇక వైవా. పసిగుడ్డును చంపడానికి చేతులు రాక కొరింత్ మనిషికి ఇచ్చేసిన గొర్రెలకాపరి పేరేమిటని అడిగితే కంగారుపడకండి. నాటకంలో అతనికి పేరు లేదు. అయినా సరే, గ్రీకులా వినిపించే పేరేదో ఒకటి చెప్పేయండి. అడిగినాయన చదివిందీ ఆ గైడే.