సోర్బోన్ గారి వారసులు

ఫ్రాన్సులో విశ్వవిద్యాలయాన్ని నడపడం తేలికే. దానికి పేరు పెట్టడమే ప్రాణసంకటం.

1257లో రోబెర్ ద సోర్బోన్ అనే మతాచార్యుడు పేద విద్యార్థుల కోసం పారిస్‌లో ఒక కళాశాల పెట్టాడు. పెళ్లీ పెటాకులూ లేని ఆ పెద్దమనిషికి ఏడు శతాబ్దాలు పోయాక ఇంటిపేరు కోసం కొట్టుకునే వారసులు ఇంతమంది పుట్టుకొచ్చారు. ఈ మధ్యలో విప్లవకారులు 1793లో విశ్వవిద్యాలయాలనే రద్దు చేశారు. 1896లో మళ్లీ తెరిచారు. అదంతా పాత పురాణం.

అసలు కథ 1968లో మొదలు. విద్యార్థులు వీధుల్లో రాళ్లు పెకలించారు. సర్కారు గుండె గుభేలుమంది. విద్యామంత్రి ఎడ్గార్ ఫోర్ ఒక చట్టం తెచ్చి, మీ పాలన మీరే చూసుకోండి అన్నాడు. 1970లో పారిస్ విశ్వవిద్యాలయం నంబర్లు వేసిన పదమూడు వాటాలైంది. ఉమ్మడి కుటుంబం వేరుపడ్డట్టే పంపకాలు జరిగాయి: మూడు వాటాలు సోర్బోన్ ఇంటిపేరును దక్కించుకున్నాయి, తొమ్మిదో నంబరుకు నాటో సైనిక కూటమి ఖాళీ చేసిన భవనం దొరికింది. ఎనిమిదో నంబరుది మరీ విచిత్రం. వాన్సెన్ అడవిలో ఉన్న దాని భవనాలను 1980లో నేలమట్టం చేసి, సంస్థను సాన్ దెనీకి తరలించారు. పేరులో మాత్రం వాన్సెన్ నేటికీ వెలుగుతోంది.

2003లో షాంఘై నుంచి ఒక ర్యాంకుల జాబితా వచ్చింది. నోబెళ్లు ఎన్ని, వ్యాసాలు ఎన్ని అని లెక్కపెట్టే జాబితా అది. ముక్కలైతే లెక్క తగ్గుతుందని ముప్పై ఏళ్లు దాటాక జ్ఞానోదయమైంది. ఇక కలపడమే కలపడం! 2018లో నాలుగూ ఆరూ కలిసి సోర్బోన్ విశ్వవిద్యాలయమయ్యాయి. 2020లో పదకొండో నంబరు చుట్టూ కట్టిన పారిస్-సాక్లే తొలి ఏడాదే పద్నాలుగో ర్యాంకు కొట్టింది. ఆ శాస్త్రవేత్తలు నిన్నా ఉన్నారు, ఇవాళా ఉన్నారు. కొత్తగా వచ్చింది కూడికే. అన్నట్టు, ఉత్తర శివార్లలోని పదమూడో నంబరు కూడా అదే ఏడాది బోర్డు మార్చి సోర్బోన్ అయిపోయింది.

ఐదూ ఏడూ 2019లో ఒకటై, ఏకంగా 'పారిస్ విశ్వవిద్యాలయం' అని రాసుకున్నాయి. రెండో నంబరుకు ఒళ్లు మండింది. మేమేమన్నా లియోన్‌లో ఉన్నామా అంటూ ఫిర్యాదుతో అత్యున్నత పాలనా న్యాయస్థానం మెట్లెక్కింది. జనం గందరగోళపడతారు సుమా అని 2021 డిసెంబరులో న్యాయమూర్తులు ఆ పేరు కొట్టేశారు. 2022లో 'పారిస్ సితే' అని కొత్త నామకరణం జరిగింది.

ఇదే న్యాయస్థానం ముందుకు అంతకుముందు ఇంకో తగవు వచ్చింది. 'ఫ్రాన్సుకు స్వాగతం' అనే పథకం పెట్టి, 2019లో ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థులకు డిగ్రీ ఫీజును 2,770 యూరోలు చేశారు. స్వదేశీ విద్యార్థికి అప్పట్లో అది 170. విజయవాడ పిల్లవాడికి పదహారు రెట్ల స్వాగతమన్నమాట. చాలా విశ్వవిద్యాలయాలు సిగ్గుపడి మినహాయింపులిచ్చాయి. సర్కారు విద్య ఉచితమే, ఫీజు తీసుకున్నా స్వల్పంగా ఉండాలి అని రాజ్యాంగ మండలి కూడా చెప్పింది. 2020 జూలైలో న్యాయమూర్తులు 170నీ 2,770నీ పక్కపక్కన పెట్టుకుని చూశారు. ఇందులో వాళ్లకు ఏ గందరగోళమూ కనిపించలేదు.