ప్లీడరు గారి సుడిదోమ, పెదనాన్న భామాకలాపం

ఇంటి మీద ఏంటెనా, ఇంట్లో ఒకే చానెల్ ఉన్న కాలంలో మా బెజవాడ వాళ్లకు రాని విద్య లేదు. వ్యవసాయం, వైద్యం, వీణ, హిందీ వార్తలు అన్నీ వచ్చు. ఎవరూ ఇష్టపడి నేర్చుకోలేదు. తప్పించుకునే దారి లేక అబ్బినవే, అంతే.

దూరదర్శన్ వాళ్ల సాయంత్రం బంతి భోజనం లాంటిది. కూర్చున్నాక వడ్డించేవాడిదే రాజ్యం. పూర్ణం బూరె కోసం వచ్చినవాడు కాకరకాయ కూర దాటి వెళ్లాల్సిందే. శుక్రవారం చిత్రలహరిలో నాలుగు పాటలు దక్కాలంటే దాని ముందు వెనకల ఉన్న ఎరువుల మోతాదు, చంటిపిల్లల టీకాలు, ఎవరో పెద్దాయన సాహిత్య ప్రసంగం అన్నీ ఆరగించాలి. లేచి వెళ్లామా, తిరిగొచ్చేసరికి చాప మీద మన చోటు పక్కింటివాళ్లది.

సత్యనారాయణపురంలో మా పక్కింటి ప్లీడరు గారికి సెంటు భూమి లేదు. పెరట్లో కరివేపాకు మొక్క కూడా అద్దెయింటిదే. అయినా వరిలో సుడిదోమ గురించి ఆయన్ని మించినవాడు కృష్ణా డెల్టాలో ఉండేవాడు కాదు. నాట్లు వేసేటప్పుడే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలాలని, దోమ కనబడగానే చేలో నీరు తీసి ఆరగట్టాలని రైతుల కార్యక్రమంలో చెబితే, ఆయన దాన్ని కోర్టులో క్లయింట్లకు చెప్పేవారు. పొలం గట్టు తగాదాతో వచ్చిన ఉయ్యూరు ఆసామి ఒకాయన కేసు సంగతి మరిచిపోయి, మందు పేరు రాయించుకుని పోయాడు. ఫీజు మాత్రం ఇచ్చాడట, పురుగు మందుకే అనుకుని.

ఉయ్యూరులో మా పెదనాన్నది ఇంకో కథ. ఎడ్లు, ఎరువులు తప్ప లోకం తెలియని మనిషి. పామర్రు మీదుగా పోతే కూచిపూడి ఎంతో దూరం లేదు. అయినా పుట్టి బుద్ధెరిగాక ఆ ఊరు ఆట చూడ్డానికి వెళ్లినవాడు కాదు. ఆ ఊరి భామాకలాపం హైదరాబాద్ దాకా వెళ్లి, కొండపల్లి కొండ మీది టవర్ ఎక్కి దిగి ఆయన వసారాలోకే వచ్చింది. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా జడ విసురుతుంటే పెదనాన్న గుడ్లప్పగించి చూశాడు. ఆడవేషంలో ఉన్నది మగమనిషని చివర్లో ఎవరో చెబితే, మూడు రోజులు నమ్మలేదు. నాలుగో రోజు నుంచి పెద్దమ్మ అలిగితే, "శర్మ గారి అలకలో సగం లేదే నీది" అనడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో కళాపోషణ అక్కడితో ఆగిపోయింది.

తెలుగు వార్తలు 1983 నవంబర్ 14న మొదలయ్యాయి. శాంతి స్వరూప్ గారు ఎదురుగా అక్షరాలు చూపించే యంత్రం లేకుండానే, ముందే బట్టీపట్టి చదివేవారు. ఆ సంగతి తెలిశాక మా అమ్మమ్మకు ఆయన మీద గౌరవం రెట్టింపైంది. "ఇదుగో, ఇన్ని దేశాల సంగతులు గుర్తుపెట్టుకున్నాడు ఆ అబ్బాయి, మీకు ఎక్కాలు రావేం?" అని మమ్మల్ని నిలదీసేది. అంతర్జాతీయ వార్తల వల్ల నష్టపోయింది మేమే.

1987 జనవరిలో ఆదివారం పొద్దున్న రామాయణం వచ్చింది, హిందీలో. అమ్మమ్మకు హిందీ ముక్క రాదు, రామాయణం అంతా వచ్చు. కాబట్టి పాత్రలకంటే ముందే డైలాగులు తెలుగులో ఆవిడే చెప్పేసేది. రాముడి మీద మాత్రం ఆవిడకో అభ్యంతరం. "పిల్లవాడు బాగానే ఉన్నాడు గానీ, రామారావు కాదుగా" అనేది. ఏం చేస్తాం, మా నిమ్మకూరు రాముడు అప్పటికి సచివాలయంలో ఫైళ్లు చూస్తున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రాలు వేసేవాళ్లు. తెలుగు వంతు వచ్చేదాకా అస్సామీ, ఒరియా, బెంగాలీ చిత్రాలు చూస్తూ కూర్చునేవాళ్లం. తెర మీద ఒకాయన కిటికీలోంచి వాన చూసేవాడు, మేం ఆయన్ని చూసేవాళ్లం. ఏంటెనా మీద కాకి వాలితే వాన ఇంకాస్త పెద్దదయ్యేది.

తర్వాత 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. సప్తగిరి పేరుతో ఆంధ్రప్రదేశ్‌కు విడిగా దూరదర్శన్ చానెల్ 2014 సెప్టెంబర్ 27న వచ్చింది. 2022కల్లా, కీలకమైన కొన్ని చోట్ల తప్ప, దేశమంతటా ఏంటెనాతో పట్టే ఆ పాత ప్రసారాలు ఆగిపోయాయి. ఇప్పుడు సప్తగిరి కావాలంటే డిష్ ఉండాలి, కేబుల్ ఉండాలి, లేదా ఫోన్ ఉండాలి.

ఫోన్ అందరికీ ఉంది. అందుకే ఒకే సోఫా మీద తాత ప్రవచనంలో, కోడలు సీరియల్లో, మనవడు క్రికెట్లో ఉంటారు. పంటల చానెల్ రైతుకు, పాటల చానెల్ కుర్రాళ్లకు, అరుపుల చానెల్ బీపీ ఉన్నవాళ్లకు. ఎవరికి నచ్చింది వాళ్లకు దొరుకుతోంది, పక్కవాడికి ఏం నచ్చుతుందో ఎవరికీ తెలియడం లేదు. నన్నడిగితే, ఒకే చానెల్ మనకు చేసిన మేలల్లా మనది కాని సంగతిని బలవంతంగా వినిపించడమే. నమ్మకపోతే ఈ వారం మీకు బొత్తిగా అక్కర్లేని కార్యక్రమం ఒకటి పెట్టుకుని, ఇంటిల్లిపాదినీ పిలిచి చివరిదాకా చూడండి. మధ్యలో లేచినవాళ్ల చోటు పక్కింటివాళ్లకిచ్చేయండి.