యాన్‌జి మైదానపు డోలు: ఒక ఆత్మకథ

చైనా ఈశాన్య మూలన, జిలిన్ ప్రావిన్స్‌లో, ఒకవైపు ఉత్తర కొరియాను, మరొకవైపు రష్యాను ఆనుకొని యాన్‌బియన్ కొరియన్ స్వయంపాలిత ప్రాంతం ఉంది. దాని ముఖ్యపట్టణం యాన్‌జి. ఆ పట్టణపు ఫుట్‌బాల్ ప్రేక్షకుల మధ్య బతికిన ఒక డోలు తన జీవితాన్ని ఇక్కడ చెప్పుకొంటున్నది. డోలుకు సొంత గొంతు లేదు. కర్ర పట్టిన చెయ్యి ఏది పలికిస్తే అదే పలుకుతుంది, ఆ చేతి వెనుక వేలమంది గొంతులు ఉంటాయి కనుక తనను గురించి ఉత్తమ పురుషలో మాట్లాడుకొనే అలవాటు దానికి లేదు. అందువల్ల ఈ ఆత్మకథ ప్రథమ పురుషలోనే సాగుతుంది, ఇందులో డోలు కథ ఎంత ఉంటుందో అది ఎవరి కోసం మోగిందో ఆ జట్టు కథ అంతకంటే ఎక్కువ ఉంటుంది.

కొరియన్లు 'పుక్' అని పిలిచే ఈ వాద్యానికి చెక్క పలకలను పీపాలా కూర్చి, రెండు ముఖాలకూ పశువు చర్మం బిగించి, తాళ్లతో లాగి కడతారు. తెలుగు నేల మీది డోలుకు రెండు ముఖాలూ పనిచేస్తే దీనికి సాధారణంగా ఒక ముఖం మీద ఒకే కర్రతో దెబ్బ పడుతుంది. దీని పుట్టుక పొలంలోనే జరిగింది. పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో తూమెన్ నదిని దాటి వచ్చిన కొరియన్ రైతులు ఈ చలి నేలలో వరి పండించడం మొదలుపెట్టినప్పుడు, నాట్లకూ కోతలకూ పండుగలకూ తోడుగా తమ డోళ్లను, వాటితో కలిసి ఆడే రైతునృత్యాన్ని కూడా వెంట తెచ్చుకొన్నారు. చైనాలోని కొరియన్ల ఆ రైతునృత్యాన్ని యునెస్కో 2009లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అమూర్త వారసత్వం అంటే కట్టడంలో కాక మనుషుల చేతుల్లో, గొంతుల్లో, అడుగుల్లో మాత్రమే నిలిచి ఉండే సంపద. పొలం నుంచి మైదానానికి వచ్చిన ఈ డోలు కూడా ఆ వంశానిదే.

అయితే ఈ డోలు పుట్టకముందే జట్టు పుట్టింది. 1952 సెప్టెంబరు 3న యాన్‌బియన్‌కు స్వయంపాలన లభించింది. 1955లో జిలిన్ పేరుతో ఏర్పడిన ఫుట్‌బాల్ జట్టు, ప్రధానంగా యాన్‌బియన్ కొరియన్ యువకుల బలంతో, 1965లో చైనా జాతీయ లీగ్ విజేతగా నిలిచింది. పెద్ద నగరాల జట్లు, సైన్యపు జట్టు ఏలుతున్న ఆటలో సరిహద్దు ప్రాంతపు అల్పసంఖ్యాక జాతి బిడ్డలు దేశపు మొదటి స్థానాన్ని గెలుచుకొన్న ఆ ఏడాదిని యాన్‌జి పెద్దలు మనవలకు చెప్పకుండా ఉండలేరు. డోలు చుట్టూ కూర్చొన్నవారి మాటల్లో ఆ సంవత్సరం ఎన్నిసార్లు వినబడిందంటే, తాను చూడని విజయాన్ని కూడా అది తన జ్ఞాపకంగానే భావిస్తుంది.

1994లో చైనా ఫుట్‌బాల్ వృత్తిపరమైన లీగ్‌గా మారింది. అంతవరకు ప్రభుత్వ క్రీడా విభాగాల జీతంపై ఆడిన జట్లు ఇకపై కంపెనీల పెట్టుబడితో నడిచే క్లబ్బులు అయ్యాయి. లీగ్ మెట్లమెట్లుగా ఉంటుంది: పైమెట్టు జట్లలో చివర నిలిచినవి మరుసటి ఏడాది కిందిమెట్టుకు జారుతాయి, కిందిమెట్టులో ముందు నిలిచినవి పైకెక్కుతాయి. అప్పట్లో పైమెట్టును 'జియా-ఎ' అని, దాని కింది మెట్టును 'జియా-బి' అని, మూడోదాన్ని 'యి' అని పిలిచేవారు. 2004 నుంచి పైమెట్టుకు సూపర్ లీగ్ అనే పేరు వచ్చి, రెండోది జియా లీగ్‌గా, మూడోది యి లీగ్‌గా స్థిరపడ్డాయి. జియా-ఎలో యాన్‌బియన్ అడుగుపెట్టిన ఆ రోజుల్లోనే ఈ డోలుకు మొదటి చర్మం బిగించారు. జట్టుకు కూడా పైచర్మం లాంటిది ఒకటి ఏర్పడింది, అదే పెట్టుబడిదారు పేరు: శామ్‌సంగ్, హ్యుందాయ్, ఆపైన యాన్‌బియన్‌లోనే ఉన్న దున్‌హ్వా పట్టణపు మందుల సంస్థ ఆవ్‌దోంగ్ పేర్లు వరుసగా జట్టు పేరులో చేరి మారిపోయాయి. చర్మం మారినా డోలు చెక్క మారదని వాద్యం చేసేవారికి తెలుసు; ప్రేక్షకులకు కూడా అంతే స్పష్టంగా తెలుసు కనుక, ఏ పేరు అధికారికమైనా వారు మాత్రం యాన్‌బియన్ అనే అరిచేవారు.

మొదటి చర్మం మీద బలంగా పడిన దెబ్బలు 1997వి. దక్షిణ కొరియాలోని హాన్యాంగ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చోయ్ ఉన్-తేక్ ఆ ఏడాది శిక్షకుడిగా వచ్చాడు. ఏటా కిందికి జారకుండా ఉండటమే గొప్పనుకొన్న జట్టు ఆయన చేతిలో జియా-ఎ పట్టికలో నాలుగో స్థానానికి ఎదిగింది. చైనా జాతీయ జట్టుకు ఆడిన గావ్ జోంగ్‌షున్, కొరియన్ పలుకుబడిలో కో జోంగ్-హున్, ఆ తరానికి ముఖం; ఆయన తరువాతి కాలంలో అదే జట్టుకు శిక్షకుడిగా కూడా పనిచేశాడు. ఆచార్యుడు అని జనం గౌరవంగా పిలుచుకొన్న చోయ్ 2007లో కన్నుమూసినా యాన్‌జిలో ఆయన పేరు పలికేటప్పుడు గొంతులు ఇప్పటికీ తగ్గుతాయి.

2000 సంవత్సరంలో జట్టు జియా-ఎ నుంచి జారింది. ఆ వెంటనే మొదటి శ్రేణి జట్టును, రెండో మెట్టులో దానికున్న స్థానంతో సహా, జెజియాంగ్ ప్రావిన్స్‌కు చెందిన గ్రీన్‌టౌన్ క్లబ్బుకు అమ్మివేశారు. లీగ్‌లో స్థానం అంటే ఆ మెట్టులో ఆడే హక్కు. అది కాగితం మీద ఉండే ఆస్తి కనుక కొనవచ్చు, అమ్మవచ్చు, వేల కిలోమీటర్ల దూరానికి తరలించవచ్చు. ఆటగాళ్లు దక్షిణానికి వెళ్లారు. డోలును మాత్రం ఎవరూ అడగలేదు. ఊరిలో మిగిలిన కుర్రాళ్ల జట్టు అట్టడుగు మెట్టయిన యి లీగ్‌లో కొత్తగా మొదలుపెట్టవలసి వచ్చింది. ఖాళీ వరుసలు ఎక్కువైన ఆ మైదానంలో ఒక్క డోలు చప్పుడు గోడలకు తగిలి తిరిగి వచ్చేది. తన గొంతు తనకే వినిపించడం డోలుకు అన్నిటికంటే పెద్ద బాధ అని అది అప్పుడే తెలుసుకొన్నది. అయినా 2004 చివరికి ఆ కుర్రాళ్లే జట్టును రెండో మెట్టుకు ఎక్కించారు.

ఆ తరువాతి పదేళ్లు రెండో మెట్టులోనే గడిచాయి, వాటిలో చెప్పుకోదగిన కప్పులు లేవు. మైదానంలో కంటే మైదానం బయట పెద్ద మార్పు జరుగుతున్న కాలమది. 1992 ఆగస్టులో చైనా, దక్షిణ కొరియాల మధ్య దౌత్య సంబంధాలు ఏర్పడ్డాక, భాష తెలిసిన యాన్‌బియన్ కొరియన్లు కూలికి, హోటళ్లకు, కర్మాగారాలకు, ఇళ్లలో వృద్ధుల సేవకు సియోల్ వైపు వెళ్లడం పెరుగుతూ వచ్చింది. స్వయంపాలన వచ్చిననాడు ప్రాంత జనాభాలో సుమారు అరవై శాతం ఉన్న కొరియన్లు ఇప్పుడు సుమారు మూడో వంతుకు తగ్గారు. తల్లిదండ్రులు విదేశంలో, పిల్లలు అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగిన ఇళ్లు ఎన్నో. వారం రోజులు విడివిడిగా బతికిన ఊరు వారాంతంలో ఒకచోట కూడే తావు మైదానమే కావడం వల్ల, అక్కడ డోలు మోగడం ఆటకు ఉత్సాహం ఇవ్వడంతో ఆగిపోలేదు, ఇంకా ఇక్కడ మనుషులున్నారని చెప్పే పనిగా కూడా మారింది. ఎండిన చలిలో చర్మం బిగిసి చురుగ్గా మోగేది, వేసవి వానలకు తడిసి మందగించేది. రెండు స్థితుల్లోనూ దానిని కొట్టే చేతులు మాత్రం తప్పలేదు.

2014లో జట్టు రెండో మెట్టులో అట్టడుగున నిలిచి మళ్లీ యి లీగ్‌కు జారవలసి ఉండగా, కొన్ని క్లబ్బులు తప్పుకోవడంతో ఏర్పడిన ఖాళీలో దానికి అక్కడే ఉండే అవకాశం దక్కింది. దక్షిణ కొరియా నుంచి వచ్చిన పార్క్ తే-హా శిక్షణలో, యాన్‌బియన్ చాంగ్‌బాయ్‌షాన్ అనే పేరుతో, అదే జట్టు 2015లో రెండో మెట్టు విజేతగా నిలిచింది. దాడి ఆటగాడు హా తే-గ్యున్ ఆ లీగ్‌లో 26 గోల్‌లతో అందరికంటే ముందు నిలిచాడు. చీ జోంగ్‌గ్వో లాంటి స్థానిక యువకులు జట్టుకు వెన్నెముకగా ఆడారు. ముందటి ఏడాది వెళ్లిపోవలసిన జట్టు, మరుసటి ఏడాది పదిహేనేళ్ల తరువాత పైమెట్టును అందుకొన్నది. ఆ రోజుల్లో కొరియన్‌లోనూ చైనీస్‌లోనూ అరుపులు కలిసి వినవచ్చేవి, వాటి మధ్య తాళం తప్పకుండా చూడటమే డోలు పని. కొరియన్ కుటుంబాలతో పాటు హాన్ చైనీయులు కూడా ఒకే తాళానికి చప్పట్లు కొట్టిన ఆ దృశ్యం ఈ డోలు జీవితంలో అత్యంత విలువైనది.

పైమెట్టు బతుకు రెండేళ్లే సాగింది. యాన్‌బియన్ ఫుండె అనే కొత్త పేరుతో 2016లో తొమ్మిదో స్థానం సంపాదించి, విదేశీ తారలకు కోట్ల యువాన్లు కుమ్మరిస్తున్న క్లబ్బుల మధ్య తలెత్తుకొని నిలిచిన జట్టు, 2017లో పదిహేనో స్థానంతో జారింది. 2018లో రెండో మెట్టులో పదో స్థానం దక్కింది. ఆటలో జరిగిన తప్పును ఆటతో సరిదిద్దవచ్చు, కాని 2019 ఫిబ్రవరిలో వచ్చిన దెబ్బ ఆటలోది కాదు: పన్ను బకాయిలు తీర్చలేక క్లబ్బు మూతపడింది. మూతపడటం అంటే లీగ్‌లో నమోదు రద్దయి, ఆటగాళ్లు చెదిరిపోయి, స్థానం ఎవరికీ చెందకుండా మాయమవడం. కిందిమెట్టుకు జారిన జట్టు తిరిగి ఎక్కవచ్చు కాని, మూతపడ్డ జట్టుకు ఎక్కడానికి మెట్టే ఉండదు.

ఈ దుఃఖం యాన్‌జి ఒక్కదానిదే కాలేదు. ఆ తరువాతి ఏళ్లలో చైనా లీగ్‌లలో ఎన్నో క్లబ్బులు అదే తోవ పట్టాయి. 2020 సూపర్ లీగ్ విజేత జియాంగ్సు 2021 ఫిబ్రవరిలో కార్యకలాపాలు నిలిపివేసింది, ఆసియా విజేతగా నిలిచిన గ్వాంగ్జౌ కూడా 2025 జనవరిలో కనుమరుగైంది. టికెట్లు, ప్రసార హక్కుల ఆదాయం ఖర్చులో చిన్న భాగమే కావడం, మిగతాదంతా ఒక్క యజమాని జేబు మీద ఆధారపడటం ఈ పతనాలకు మూలకారణం. ఆ జేబు మరో వ్యాపారంలో చిరిగితే మైదానంలో దీపం ఆరిపోతుంది. 2021 నుంచి క్లబ్బుల పేర్లలో కంపెనీల పేర్లు ఉండరాదన్న నియమం వచ్చింది. పేరు మారితే ఆర్థికస్థితి మారదు. కాని జట్టు పేరు ఊరిది కావాలన్న న్యాయాన్ని ఆ నియమం గుర్తించిందని, యాన్‌జి ప్రేక్షకులు ఎన్నడో నిర్ణయించుకొన్నదే చివరికి కాగితం మీదికి వచ్చిందని డోలు నమ్ముతుంది.

2019 తరువాత డోలు మూలన పడింది, వాడకం లేక చర్మం పొడిబారి అంచున చీలింది. ఇంతలో యాన్‌జికి దగ్గరలోని లొంగ్‌జింగ్ పట్టణంలో, హైలాన్ నది పేరుతో 2017లో ఏర్పడిన ఒక చిన్న క్లబ్బు అడుగు మెట్ల నుంచి నడక నేర్చుకొంటున్నది. తరువాత యాన్‌బియన్ లొంగ్‌దింగ్ అనే పేరు పెట్టుకొన్న ఆ జట్టు 2022లో యి లీగ్ నుంచి పైకెక్కి, 2023 నుంచి రెండో మెట్టులో ఆడుతున్నది. చట్టం దృష్టిలో ఈ క్లబ్బుకు 1955 నాటి జట్టుతో సంబంధం లేదు, 1965 నాటి విజయం దీని ఖాతాలో లేదు. కాని యాన్‌జిలో మళ్లీ రెండో మెట్టు ఆట మొదలైన రోజున మెట్ల మీద కూర్చొన్నవారు పాతవారే, వారి పక్కన కూర్చొన్న పిల్లలు వారి మనవలే.

ఆ ఏడాది డోలుకు కొత్త చర్మం బిగించారు. కొత్త చర్మం వెంటనే పలకదు. దెబ్బలు తిని, వానకు సడలి, చలికి బిగిసి, కొన్ని నెలలు గడిచాకగాని దాని గొంతు తెరుచుకోదు. మొదటి ఆటలో అది బొంగురుగా మోగింది, తాళం పట్టిన పిల్లవాడి చెయ్యి రెండుసార్లు తప్పింది, పక్కనున్న వృద్ధుడు ఆ చేతిని మెల్లగా పట్టుకొని మూడోసారి సరిగ్గా వేయించాడు. చర్మానికీ చేతికీ కూడా ఇంకా చాలా ఆటలు పడతాయి. రెండో మెట్టులో ఉన్న జట్టుకైనా అంతే సమయం కావాలి, ఊరు మాత్రం ఆ సమయం ఇవ్వడానికి సిద్ధంగా ఉంది.