కుడి మడమ కింద నేను

నేను ట్రాక్టర్ వెనక ఇరుసులో ఉండే డిఫరెన్షియల్ లాకును. మా దాచేపల్లి డ్రైవర్లు నన్ను ఉట్టిగా ‘లాకు’ అనే అంటారు. మీకు కనపడేది కుడి మడమ దగ్గరుండే నా పెడల్ ఒక్కటే. నేను మాత్రం హౌసింగ్ లోపల, ఆయిల్లో మునిగి ఉంటాను.

నా పక్కనే ఉంటుంది డిఫరెన్షియల్. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలిది తక్కువ దూరం పోవాలి కాబట్టి దేని వేగం దానికిస్తుంది. తారురోడ్డు మీద అంతకన్నా మేలైన పని లేదు. నల్లరేగడిలో ఆ గుణమే కొంప ముంచుతుంది. అది రెండు చక్రాలకూ బలాన్ని సమానంగానే పంచుతుంది. జారే చక్రం తిరగడానికి ఎంత చాలునో, గట్టినేల మీదున్న దానికీ అంతే దక్కుతుంది. ఇంకేముంది, ఒకటి గిర్రున తిరుగుతుంటే రెండోది కదలకుండా నిలబడుతుంది.

పత్తి తీతల రోజుల్లో వాన పడితే చూడాలి మా డ్రైవర్ పనితనం. ట్రక్కు నిండా పత్తి బోరాలు, ముందు నాగులేటి వైపు బురద బాట. దిగబడిందాకా ఆగడు. బురద ఇంకా ముందుండగానే క్లచ్ తొక్కి, ముందు చక్రాలు తిన్నగా పెట్టి, మడమతో నన్ను అదుముతాడు. నా పళ్లు టక్కున కూర్చుంటాయి. రెండు చక్రాలూ ఒక్కటై తిరుగుతాయి. గట్టు ఎక్కగానే కాలు తీస్తాడు, స్ప్రింగు నన్ను వెనక్కి లాగుతుంది. ఒక్కోసారి పళ్లు బిగుసుకుని రాను. ఒక పక్క బ్రేకు కొద్దిగా తాకిస్తే వదులుతాను. చక్రం గిర్రున తిరుగుతుండగా నన్ను తొక్కేవాళ్లూ ఉన్నారు. పళ్లు విరిగేది అక్కడే.

మా ఆసామి కొడుకు చేలోకి పోయిరావడానికి జీపు కొంటానంటున్నాడు. మొన్న మడ్‌గార్డు మీద కూర్చుని డ్రైవర్‌ని అడిగాడు:

"బాబాయ్, థార్‌లో లాకు దానంతటదే పడిద్దంట. మనం చూసుకునే పనే లేదంటగా?"

"చక్రం జారిందాకా అది పడదుగా. మన రేగట్లో ఒక్కసారి తిరిగితే జానెడు గుంట పడిద్ది అబ్బాయ్. ఆ తర్వాత పడితే ఏంది, పడకపోతే ఏంది?"

నా మాటా అదే. 2020లో వచ్చిన థార్‌లో కొన్ని రకాలకే ఆ లాకు ఉంది. రెండు చక్రాల వేగంలో తేడా బాగా పెరిగితే లోపలి బరువులు విచ్చుకుని లాకును పట్టిస్తాయి. నాపరాళ్ల క్వారీ బాటలో అది మంచిదే. చక్రం గాల్లోకి లేచి తిరిగినా తవ్వడానికి కింద మట్టి ఉండదు. మారుతి జిమ్నీలో లాకే లేదు, జారే చక్రానికి బ్రేకు వేసి రెండోదానికి బలం పంపుతుంది. తేలికైన బండి కాబట్టి చిన్న బురదకు సరిపోతుంది. గాలితో పనిచేసే ఎయిర్ లాకర్లు విడిగా కొని వేయించుకోవచ్చు. గట్టివే, కాని కంప్రెసర్, గాలి గొట్టాలు, వైర్లు అన్నీ బాగుంటేనే. ఫోర్స్ గూర్ఖాలో ముందూ వెనకా లాకులున్నాయి, మనిషి వేస్తేనే పడతాయి. రేగడికి నేను కోరేది అదే. జారకముందే వేసుకోవచ్చు, గట్టినేల రాగానే తీసేయొచ్చు.

అబ్బాయి గూర్ఖా వైపే మొగ్గాడు. బండి చూడటానికి బాబాయ్‌ని వెంటబెట్టుకుని పోతున్నాడు. అక్కడ మట్టినేల మీద లాకు వేసి, తీసి, రెండు వైపులా మలుపు తిప్పి చూస్తారట. వదలాల్సినప్పుడు వదలని లాకైతే బయానా ఇవ్వొద్దని బాబాయ్ ముందే చెప్పాడు.